నాలుగు వేళ్ల కొసరు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె భోజనాల వేళ ఒక చేత్తో ముద్ద కలుపుకుంటూ ఇంకో చేత్తో లాప్‌టాప్‌లో రాజ్యాలు ఏలుతూ ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా ఆడే ఆట అది. ఊళ్లు కట్టాలి, పొలాలు దున్నించాలి, సైన్యాలు నడపాలి. మొన్న ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, వ్యాపారం చేసే దేశాన్ని తీసుకున్న ప్రతిసారీ చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి తన్నిపోతున్నారు. మీరూ ఒకప్పుడు ఆడేవారట కదా, ఏదైనా ఉపాయం చెప్పండి."

"కొసరు వెయ్యి," అన్నాను.

"అంటే?"

కూరగాయలామె కిలో టమాటాలు తూచాక పైన ఇంకో కాయ వేస్తుంది చూడు, అదీ అని చెప్పాను. ఆ పిల్ల మొహం చిట్లించి, "అలా ఇస్తూ పోతే నష్టం కదా మేడమ్?" అంది. సరిగ్గా ఆ మాటే, అంతే విసుగుతో, చిక్కడపల్లిలో ఒకాయన అనేవారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఆ ఒకాయన అన్న, పెద్దసేటు, గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది గానీ, తలుచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది.

ఆయన పేరు నాకు తెలియక కాదు. ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా వినలేదు. నారాయణగూడలో వాళ్ల తాత పెట్టిన బట్టల దుకాణం ఉండేది. అన్నదమ్ములిద్దరు. పెద్దాయన పెద్దసేటు, చిన్నాయన చిన్నసేటు. పిలుపులు చూసి మోసపోకండి. గల్లా ముందు కూర్చునేది చిన్నసేటు, సరుకు తెచ్చేది చిన్నసేటు, పనివాళ్లను కసిరేది చిన్నసేటు. పెద్దసేటు గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చి, "రాండ్రి, కూసోండ్రి, ఎండల వొచ్చిండ్రు" అంటూ ఉండేవారు. అంతకు మించి ఆయనకు పనేమీ లేదు, ఎందుకంటే ఆయన చేతిలోంచి కత్తెర తీసేసుకున్నారు.

బట్టల దుకాణంలో కత్తెర పట్టుకున్నవాడే సేటు. ఆ కత్తెర ఎందుకు పోయిందంటే, ఆయన చెయ్యి గీత దగ్గర ఆగదు. మీటరు బద్ద పక్కన గుడ్డ పరిచి, కొలిచి, గీత అవతల ఎడమచేతి నాలుగు వేళ్లు ఆనించి, ఆ వేళ్లు దాటాక కోసేవారు. జాకెట్టు గుడ్డకైనా అంతే, పరదా గుడ్డకైనా అంతే. ఇది వాళ్ల నాన్న నేర్పిన పద్ధతట. నాన్న ముసలివాళ్లకూ, చంటిపిల్లల తల్లులకూ మాత్రమే ఇచ్చేవాడనీ, ఈయన లోకంలో అందరూ చంటిపిల్లల తల్లులే అనుకుంటున్నాడనీ చిన్నసేటు గొడవ. తానులు అడుగంటుతున్నాయి, మీసాలున్న మగవాళ్లకు కూడా కొసరేనా అని ఒక రోజు కత్తెర తీసి సొరుగులో వేసి తాళం వేశారు. పెద్దసేటు స్టూలు తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నేను ఆయన్ని మొదట చూసింది మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో. తొంభైల చివర అది. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు పోయే ఒక సందులో, మిఠాయి దుకాణం పైన మొదటి అంతస్తులో ఉండేది. నల్లకుంట నుంచి నడిచి వచ్చి నేను అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. దుకాణం లెక్కలు కంప్యూటర్‌లో రాసుకోవడం నేర్చుకుందామని చిన్నసేటు పొద్దుటి బ్యాచ్‌లో చేరారు. చేరిన రోజు ఆయన వెనకే తెల్ల లాల్చీలో ఒక పెద్దమనిషి, చేతిలో కొబ్బరికాయతో మెట్లెక్కి వచ్చారు.

"తమ్ముడు కొత్త ఇద్య షురూ చేస్తుండు. కాయ కొట్టకుంటె ఎట్ల బిడ్డా?" అన్నారు నాతో. తర్వాత కంప్యూటర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీని మొఖం ఎటు దిక్కున్నది?" అని అడిగారు.

టీవీలా ఉన్నదానికి బొట్టు పెట్టాలా, కింద ఉన్న డబ్బాకు పెట్టాలా అన్నది ఆయన సందేహం. నాకు ఇరవై మూడేళ్లు, పొద్దున్నే ఆకలితో ఉన్నాను, ఓపిక తక్కువ. "రెండిటికీ పెట్టండి," అన్నాను. ఆయన రెండిటికీ పెట్టి, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టెకు కూడా ఒకటి పెట్టారు. "గిది లేకుంటె గవి రెండు ఒట్టియే గద," అన్నారు. చిన్నసేటు సిగ్గుతో తల పట్టుకున్నారు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా మాకు బ్యాచ్‌లు ఉండేవి కావు. ఆ వేళ పాత కంప్యూటర్లు రెండు ఆటలకు వదిలేసేవాళ్లం. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు వచ్చేవాళ్లు. రాజ్యాంగం, చరిత్ర చదివి చదివి బుర్ర వేడెక్కితే ఇక్కడికొచ్చి రాజ్యాలు కూలగొట్టేవాళ్లు. వాళ్లలో పోలీసు అధికారి కావాలని కలలుగనే ఒకతన్ని అందరూ కమాండర్ అనేవాళ్లు. అతను ఎప్పుడూ యుద్ధం చేసే జాతినే తీసుకునేవాడు. మీసం మెలేస్తూ మౌస్ నొక్కేవాడు. అతని చేతిలో ఓడిపోనివాడు ఆ హాస్టల్లో లేడు.

దుకాణంలో మధ్యాహ్నం పెద్దసేటుకు ఏమీ తోచేది కాదు. తమ్ముడు మర్చిపోయిన కళ్లద్దాల కోసమనో, ఇంకోదానికనో మా మెట్లెక్కి వచ్చేవారు. వచ్చి, కమాండర్ వెనక నిలబడి చూస్తూ, జేబులోంచి సోంపు తీసి అందరి చేతుల్లో పోసేవారు. ఒక రోజు ఉండబట్టలేక అడిగారు.

"తమ్మీ, ఒంటిగంటకెళ్లి చూస్తున్న. కొట్టుడు, కాల్చుడు తప్ప ఏం లేదు. గీ దేశంల ఎవ్వరు ఏం అమ్మరా?"

"అమ్మే జాతి గూడ ఉన్నది సేటు. కాని దాన్ని ఎవ్వరు తీసుకోరు. తీసుకున్నోడు తన్నులు తింటడు," అన్నాడు కమాండర్.

"అయితె గది నాకు పెట్టుండ్రి," అన్నారు పెద్దసేటు, కుర్చీ లాక్కుని.

అలా మొదలైంది. మౌస్ పట్టుకునే ముందు దాన్ని కళ్లకద్దుకున్నారు. మా కుర్రాళ్లు నోళ్లు మూసుకుని నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోకుండానే.

ఆ మొదటి ఆటలో ఆయన చేసిన పొరపాటు ఇంకెవరూ చెయ్యరు. నది పక్కన ఒక ఊరు కట్టారో లేదో, పక్క రాజ్యం రాయబారి తెర మీదికొచ్చి బెదిరించాడు. కప్పం కట్టు, లేకపోతే దండెత్తుతాను అని దాని భావం. నేను చదివి తెలుగులో చెప్పాను. ఆయనకు బెదిరింపు వినబడలేదు. దుకాణం తెరిచాక మొదట వచ్చిన మనిషి అన్నది ఒక్కటే వినబడింది.

"బోణీ గిరాకి! ఒట్టి చేతులతోని పంపుతమా?" అని అడిగినంతా ఇచ్చేశారు. అంతటితో ఆగలేదు. కుమ్మరి విద్య ఒకటి ఉంటే అదీ నేర్పించమన్నారు, ఊరికే.

"గది కొసరు," అన్నారు నా మొహం చూసి.

కుర్రాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతుంటే తెర మీద ఆ రాయబారి మొహంలో కోపం తగ్గింది. మా ఆటలో దేశాలను రంగులతో గుర్తుపట్టేవాళ్లం. ఆ పక్క రాజ్యం పచ్చరంగుది. ఆ రోజు నుంచి పచ్చవాళ్లు పెద్దసేటు జోలికి రాలేదు. రాకపోగా దారిలో వాళ్ల సంతలన్నీ ఆయనకు తెరిచిపెట్టారు. కమాండర్ నవ్వడం మానేసి తల గోక్కున్నాడు.

తర్వాత నెలల తరబడి ఆయన ఆట చూశాను. ఇప్పుడు వ్యాపార దేశాన్ని ఎలా నడపాలో ఎవరు అడిగినా నాకు వచ్చే ఉపాయాలన్నీ ఆయనవే. ఊరు కట్టేముందు నీళ్లు చూసేవారు, నది గానీ సముద్రం గానీ లేకపోతే ముందుకు నడిచేవారు. గోడల కంటే ముందు రోడ్లు వేసేవారు. పక్క ఊరికి సరుకు పంపితే ఆయనకు చిరాకు. "చిక్కడపల్లోడు నారాయణగూడకు మూట పంపితే ఏం మిగులుతది బిడ్డా? ఎవ్వనికి దొరకదో గానికి పంపాలె" అని, బళ్లను తెర అంచుదాకా తోలేవారు. అక్కడ ఏదో మంచుదేశంలో తెల్లరంగు వాళ్లుండేవారు, వాళ్లు ఈయన బట్టల మూటల కోసం మొహం వాచి ఉండేవాళ్లు. కొత్త విద్య ఏదైనా చేతికి రాగానే బలవంతుడికి అమ్మేవారు, బలహీనుడికి కొసరుగా ఇచ్చేవారు. బలహీనుడు బాగుపడితే రేపు కొనేవాడు ఒకడు పెరుగుతాడు అన్నది లెక్క. రాజధానిలో మాత్రం ఒక గోడ, నలుగురు విలుకాళ్లు ఉండేవాళ్లు. "మంచోణ్నే గాని, తలుపు తెరిచిపెట్టి పండను" అనేవారు.

రాయబారులు వస్తే మాట్లాడేవారు, పైకే, గట్టిగా. "ఏమయ్యా, ఇంట్ల అంత మంచిదేనా? నిన్న నీ పడవ మునిగిందట గద!" అని అడిగేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆయన నమ్మకం, ఊరు కంప్యూటర్‌లోదైనా సరే. ధాన్యపు కొట్టు ఖాళీ అయిందని తెర చెబితే ఆ మాట నోటితో అననిచ్చేవారు కాదు. ఇంట్లో బియ్యం అయిపోతే ఆడవాళ్లు అన్నట్టు, "నిండుకున్నయ్ అను బిడ్డా" అని నన్ను దిద్దేవారు. ఒక రోజు ఆయన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని నేను జరుపుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "పచ్చోళ్ల మనిషి వొచ్చే యాళ్లయింది," అన్నారు. ఆయన హాస్యమాడుతున్నారో నిజంగానే అంటున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆ కుర్చీ అక్కడే వదిలేశాను.

కమాండర్ ఒక్కడితో మాత్రం అప్పటిదాకా ఆయన ఎదురెదురు ఆడలేదు. ఆ సందర్భం చిన్నసేటు వల్ల వచ్చింది.

పెళ్లిళ్ల రోజులు. దుకాణం కిటకిటలాడుతోంది. అన్న ఎక్కడా అని వెతుక్కుంటూ చిన్నసేటు మా మెట్లెక్కి వచ్చారు. వచ్చేసరికి పెద్దసేటు తెల్లవాళ్ల రాయబారితో వాతావరణం గురించి మాట్లాడుతున్నారు.

"ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట! దుకాణం నడపరాదు గాని దేశాలు నడుపుతున్నవా?" అన్నారు చిన్నసేటు.

"నడుస్తున్నది తమ్మీ, మంచిగనే నడుస్తున్నది," అన్నారు పెద్దసేటు మెల్లగా.

"ఆడ గూడ గదే కొసరా?"

"గదే."

"ఎప్పటికన్న నష్టమే గద అన్నా! నీ పక్కన కూసున్న గీ పోరడు దండెత్తి వొస్తె నీ కొసరు ఆగుతదా?"

కమాండర్ మీసం మెలేశాడు. పెద్దసేటు మౌస్ వదిలేసి లేచారు. అందరి ముందూ అలా నిలబడిపోయిన ఆయన్ని చూసి నాకు ఒళ్లు మండింది. నాకు సంబంధం లేని విషయమే గానీ, నా నోరు ఎప్పుడూ అడిగి తెరుచుకోదు.

"గెలిస్తే ఏమిస్తారు?" అన్నాను.

చిన్నసేటు నా వైపు చూశారు, అన్న వైపు చూశారు. "గట్ల కొసరు ఇచ్చుకుంటనే గీ కమాండర్ మీద గెలిస్తె, కత్తెర ఇచ్చేస్త. ఓడితె మళ్ల ఎన్నడు కత్తెర మాట ఎత్తొద్దు," అన్నారు.

పెద్దసేటు కుడిచేతి వేళ్లు కత్తెర పట్టినట్టు తెరుచుకుని మూసుకున్నాయి. ఆయనకు ఆ కత్తెర ఎంత కావాలో నేను ఆ క్షణంలో చూశాను. మొహం దాచుకోవడం చేతకాని మనిషి.

ఆట ఆ వారమంతా సాగింది. ఒకే కంప్యూటర్, ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. ఒకరు ఆడుతుంటే రెండోవారు చూడకూడదు. తన వంతు కానప్పుడు పెద్దసేటు వసారాలోకి పోయి, పిలిచేదాకా రోడ్డు మీది రిక్షాల వైపు చూస్తూ నిలబడేవారు. కమాండర్ గోడ వైపు తిరిగి, అద్దం పెట్టిన బీరువాలోంచి అంతా చూసేవాడు. మూడో రోజు నేను ఆ అద్దం మీద చార్టు అంటించాను. శుక్రవారం సాయంత్రం బ్యాచ్ మొదలయ్యేలోపు ఆట ఆపి, ఎవరి మార్కులు ఎక్కువైతే వారిదే గెలుపు అని ఒప్పందం. ఊళ్లకు, జనానికి, కట్టడాలకు ఆట దానంతట అదే మార్కులు వేస్తుంది.

చిన్నసేటుకు ఆ వారం కంప్యూటర్ లెక్కల్లో రోజుకో అనుమానం పుట్టుకొచ్చింది. అది తీర్చుకోవడానికి సరిగ్గా మధ్యాహ్నమే రావలసి వచ్చేది. వచ్చి, పుస్తకం తెరిచి పెట్టుకుని, తల మాత్రం పక్కకు తిప్పి ఆట చూసేవారు.

గురువారం కమాండర్ దండు కదిలింది. ఎర్రరంగు సైన్యం గుర్రాలతో, ఫిరంగులతో బయలుదేరింది. ఎటు నుంచి వచ్చిందనుకున్నారు? పెద్దసేటు వేయించిన రోడ్ల మీద నుంచే వచ్చింది! ఊరూరికీ ఆయన పోసిన రోడ్లు శత్రువుకు దారి చూపాయి. రెండు పసుపు ఊళ్లు, అంటే పెద్దసేటు ఊళ్లు, ఎర్రబడిపోయాయి. "చూసినవా అన్నా," అన్నారు చిన్నసేటు వసారా వైపు తిరిగి. గెలిచినట్టు అనలేదు, దిగులుగానే అన్నారు.

అప్పుడు పచ్చవాళ్లు కదిలారు. ఎవరూ పిలవలేదు. మా మిత్రుడి మీద దండెత్తావు కాబట్టి నీతో యుద్ధం అని కమాండర్ మొహాన చెప్పారు. వాళ్ల వెనకే మంచుదేశం తెల్లవాళ్ల ఓడలు వచ్చాయి. ఎర్ర సైన్యం ముందుకు పోలేక, వెనక్కి రాలేక ఇరుక్కుపోయింది.

"కందకు లేని దురద కత్తిపీటకేంది!" అని అరిచాడు కమాండర్. "గీళ్లకేం నొప్పి సేటు?"

"గాళ్లు మన పాత గిరాకులు తమ్మీ," అన్నారు పెద్దసేటు వసారాలోంచి లోపలికొస్తూ, కొంచెం సిగ్గుపడుతూ.

గది దద్దరిల్లింది. కమాండర్ హాస్టల్ కుర్రాళ్లే పెద్దసేటు కోసం ఈలలు వేశారు. చిన్నసేటు పుస్తకం మూసేశారు. ఆ సాయంత్రం మిఠాయి దుకాణం నుంచి అందరికీ సమోసాలు పైకి వచ్చాయి. ఎవరు పంపారో చిన్నసేటు ఒప్పుకోలేదు.

శుక్రవారం ఇక మిగిలింది రెండు మూడు వంతులు. పెద్దసేటు రాజధానిలో ఒక పెద్ద అంగడి భవనం కడుతున్నారు. అది పూర్తయితే మార్కులు ఆయనవే ఎక్కువ. పూర్తికావడానికి ఒక బండి సరుకు తక్కువ. ఆ బండి, నిండా ధాన్యంతో, రాజధాని గుమ్మం దగ్గరే ఉంది. చిన్నసేటు కాగితం మీద లెక్క వేసి, అన్న భుజం మీద చెయ్యి వేశారు. "తోలు అన్నా, లోపలికి తోలు! గెలిచినవ్!" ఓడేది తన షరతే అని ఆ నిమిషంలో ఆయన మర్చిపోయినట్టున్నారు.

కానీ పెద్దసేటు కళ్లు అక్కడ లేవు. అవతల ఎర్ర రాజధాని చుట్టూ పచ్చవాళ్లు పొలాలన్నీ తగలబెట్టారు. లోపల ఆకలి. వంతువంతుకూ ఊళ్లో జనం తగ్గుతున్నారని తెర చెబుతోంది. గోడ వైపు తిరిగి ఉన్న కమాండర్ మీసం మీద చెయ్యి వెయ్యడం మానేసి చాలాసేపైంది.

"బిడ్డా, గీ ఊర్ల తిండి నిండుకున్నదా?" అని అడిగారు నన్ను.

అవునన్నాను.

"సంధి చేసుకుంటవా తమ్మీ?" అన్నారు కమాండర్‌తో. అతను తలూపాడు. పెద్దసేటు బండిని వెనక్కి తిప్పారు. రాజధాని గుమ్మం దాకా వచ్చినదాన్ని, తాను వేసిన రోడ్డు మీదే, ఎర్ర రాజధానిలోకి తోలారు.

"అన్నా!" అని చిన్నసేటు కేక పెట్టారు. "ఏం చేస్తున్నవే!"

"గిరాకి సచ్చినంక దుకాణం ఎవ్వనికోసం తమ్మీ?" అన్నారాయన.

ఎర్ర రాజధాని నిలబడింది. జనం నిలబడ్డారు, వాళ్ల మార్కులూ నిలబడ్డాయి. అంగడి కట్టడం సగంలో ఆగింది. గడియారం చూసి ఆట ఆపాం. వెంట్రుకవాసిలో కమాండర్ గెలిచాడు. ఎవరూ ఈల వెయ్యలేదు. "గెల్చేది గూడ పంచిపెట్టినవ్," అని చిన్నసేటు మెట్లు దిగి వెళ్లిపోయారు.

నాకు కోపం ఆగలేదు. "ఆటలో జనం నిజం జనమా సేటూ? కత్తెర పోయింది కదా!" అని అరిచాను. ఆయన నా చేతిలో, కమాండర్ చేతిలో సోంపు పోసి, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పోతె పోయింది బిడ్డా," అన్నారు. తర్వాత నెమ్మదిగా గోడ పట్టుకుని మెట్లు దిగారు. ఆయన వెనక నిలబడి నేను ఏడ్చాను. ఎందుకు దాచుకోవడం, ఏడ్చాను.

మరుసటి వారం జాకెట్టు గుడ్డ కావాలన్న సాకుతో నారాయణగూడ వెళ్లాను. ఆయన ఎలా ఉన్నారో చూడాలనిపించింది. గుమ్మం దగ్గర స్టూలు మీదే ఉన్నారు. నన్ను చూసి లేచి నీళ్లిచ్చారు, రాయబారులను పలకరించినట్టే పలకరించారు. లోపల చిన్నసేటు కత్తెర పట్టుకుని ఎవరికో గుడ్డ కోస్తున్నారు, గీత మీద, వెంట్రుక తేడా లేకుండా.

అప్పుడు బయట సందడి వినబడింది. కమాండర్ వచ్చాడు. ఒక్కడు కాదు, వెనక అశోక్‌నగర్ హాస్టల్ మొత్తం ఉంది. మెట్ల మీద, మెట్ల కింద, రోడ్డు మీద కూడా కుర్రాళ్లే. పక్క దుకాణం వాళ్లు గొడవేమో అనుకుని బయటికొచ్చారు.

"అందరికి ప్యాంటు గుడ్డలు, షర్టు గుడ్డలు గావాలె సేటు," అన్నాడు కమాండర్ చిన్నసేటుతో. "ఇంటర్వ్యూలకు పోయేటోళ్లున్నరు, చెల్లె పెండ్లికి పోయేటోళ్లున్నరు. కాని కత్తెర పెద్దసేటు పట్టాలె. లేకుంటె ఎవ్వడు కొనడు."

"షర్తు ఓడిపోయిండు గద," అన్నారు చిన్నసేటు.

"గెలిచిందెవరు?"

"నువ్వే."

"మరి గెలిచినోని మాట చెల్లదా? నాకు తిండి పెట్టి ఓడిండు సేటు. ఆకలి మీదున్నప్పుడు పెట్టినోణ్ని మర్చిపోతనా?"

చిన్నసేటు అందరి మొహాలూ చూశారు. మెట్ల కింద ఉన్నవాళ్లను చూడటానికి మెడ సాచారు కూడా. కొన్నేళ్లుగా ఏ పెళ్లిళ్ల కాలంలోనూ ఆ గుమ్మం ముందు అంత జనం నిలబడలేదని తర్వాత ఆయనే నాకు చెప్పారు. కత్తెర చేతి నుంచి చేతికి ఇస్తే పోట్లాటలొస్తాయంటారు కదా, అందుకని దాన్ని బల్ల మీద పెట్టి అన్న వైపు జరిపారు.

పెద్దసేటు స్టూలు మీంచి లేచి లోపలికొచ్చారు. కత్తెర తీసి కళ్లకద్దుకున్నారు. కమాండర్‌కు బూడిదరంగు ప్యాంటు గుడ్డ తాను విప్పి, బల్ల మీద పరిచి, కొలిచారు. గీత దగ్గర కత్తెర ఆనించారు. ఆగిపోయారు. ఎడమచెయ్యి గుడ్డ పక్కనే ఉంది, వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. తమ్ముడి వైపు చూడటానికి ఆయనకు ధైర్యం లేదు.

చిన్నసేటు గల్లా సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని ఉన్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"చూసుకుంట కూసున్నవేందన్నా? జర అవతలికి జరుపు."

పెద్దసేటు మొహం చూడాలి అప్పుడు. ఎడమచెయ్యి గుడ్డ మీద పరిచారు. సంతోషంలో నాలుగు వేళ్లూ విడిపోయి, బొటనవేలు కూడా బారజాపి, ఏకంగా జానెడు దూరంలో కత్తెర వేశారు. "అన్నా, గంత గాదు!" అని చిన్నసేటు గల్లా వదిలేసి పరుగెత్తుకొచ్చారు గానీ, అప్పటికే కత్తెర గుడ్డ చివరిదాకా నడిచిపోయింది.